మూడు సిమెంటు బుడిపెలు

“కొంచెం పక్కకి జరగమ్మా,” అన్నాడు నోటీసులు అంటించేవాడు.

బాబిన్ల మామ్మ జరిగింది. ఆమె ఆనుకుని నిలబడ్డ తలుపు రెక్క మీద వాడు బ్రష్షుతో బంక పూశాడు, కాగితం పెట్టాడు, అరచేత్తో నాలుగు మూలలూ అదిమాడు. మామ్మ నలభై ఏళ్ళు మిల్లులో దారం చుట్టే బాబిన్లు మోసింది గానీ ఆమెకు అక్షరం ముక్క రాదు.

“ఏం రాశారు నాయనా అందులో?”

“చదువొచ్చినవాళ్ళని అడుగు.”

“నీకు రాదా?”

“వచ్చు.”

“మరి చదువు. నోరేమన్నా అరిగిపోతుందా?”

వాడు బకెట్టు కింద పెట్టి చదివాడు. ఈ కట్టడంలో ఎవరూ నివసించడం లేదు. శిథిలావస్థలో, నిర్మానుష్యంగా ఉన్నందున ఇరవై ఒకటో రోజున కూల్చివేయబడును.

“ఎవరూ అంటే?”

“ఎవరూ అంటే ఎవరూ.”

“మరి నేనెవర్నిరా?”

“నాకేం తెలుసమ్మా, అంటించేవాణ్ణి నేను. ఆ పక్క గుమ్మంలో ఎవరో కూర్చున్నారు, కాస్త లెమ్మని చెప్పు.”

ఆ పొద్దున మిల్లు కాలనీ ఏడో బ్లాకులో నలభై తలుపుల మీద ఎవరూ లేరని రాసిన కాగితం పడింది. నలభై చోట్లా వాడు ఎవరినో ఒకరిని పక్కకి జరగమనే అంటించాడు. ఒక చంటిపిల్ల తల్లి అయితే వాడి బంక బకెట్టు కాసేపు పట్టుకుని నిలబడింది, పాపం బరువుగా ఉందని.

మధ్యాహ్నం మేస్త్రీ పని నుంచి వచ్చాడు. మేస్త్రీ అంటే కాలనీలో ఒక్కడే, తాపీ మేస్త్రీ. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు. మెట్ల దగ్గర జనం పోగై గోలగోలగా ఉంటే సందు చేసుకుని తన తలుపు దగ్గరికి పోయి కాగితం చూశాడు. రాత తర్వాత చూశాడు. ముందు చూసింది రాత పైన అచ్చువేసిన ఫోటో.

ఏడో బ్లాకు. నాలుగు అంతస్తులు, నలభై తలుపులు, పొడుగాటి వరండాలు. ఆరేసిన గుడ్డ లేదు. గుమ్మంలో చెప్పు లేదు. మనిషి అనే పురుగు లేదు.

అదే ఫోటో మేస్త్రీ ఇంట్లో గోడకి, అద్దం కట్టించి, వేలాడుతోంది. అందులో ఎవరూ లేకుండా చేసింది మేస్త్రీయే.

అతను మెట్ల మీద కూలబడ్డాడు. పెళ్ళాం నీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

నాలుగు నెలల కిందటి సంగతి ఇది. దానికి మూలం ఈర్ష్య. కడుపులో ఈర్ష్య ఉంటే మనిషికి ఎదుటివాడి ఇల్లు కనబడినంత బాగా తన ఇల్లు కనబడదు.

మేస్త్రీ, ఫిట్టరు తోడల్లుళ్ళు. అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు. పెద్దమ్మాయిని ఫిట్టరు చేసుకున్నాడు, చిన్నమ్మాయిని మేస్త్రీ చేసుకున్నాడు. అత్తగారింటికి పోతే ఫిట్టరుకి కుర్చీ, మేస్త్రీకి చాప. చాప మీద కూర్చోవడం మేస్త్రీకి కష్టం కాదు, ఫిట్టరు ఆ కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు ఊపడం కష్టం. ఫిట్టరుది ఇనుము పని. బాయిలరు ఆగితే మేనేజరు బండి పంపించేవాడు. గోడ బీటలిస్తే ఎవరూ బండి పంపరు, సిమెంటు చిప్ప పట్టుకుని నడిచి పోవాలి. ఫిట్టరుకి నోరుంది, యూనియన్ ఉంది. మేస్త్రీకి తాపీ ఉంది. ఫిట్టరు ఉండేది నాలుగో బ్లాకు, దాని వెనక చుట్లు తిరిగే ఇనప మెట్లున్నాయి. ఏడో బ్లాకుకి గోడ తప్ప ఇంకేం లేదు.

కానీ ఆ గోడ కట్టింది మేస్త్రీ. యుద్ధం అయిపోయిన మరుసటేడు, పదహారేళ్ళ వయసులో, తన గురువు చేతి కింద. సిమెంటు దొరకని రోజులు. బాయిలరు బూడిద జల్లెడ పట్టి, సున్నంలో కలిపి, ఆ ముద్దతో ఇటుకలు పేర్చారు. అందుకే ఇప్పటికీ ఆ గోడలో నల్ల నలుసులు కనబడతాయి. అందరికీ అది మురికి. మేస్త్రీకి చెయ్యి పెట్టి చూస్తే ఏ నెలలో వేసిన వరసో తెలుస్తుంది.

అట్లాంటి చోటికి ఫోటోలావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, బొత్తిగా నగా నట్రా లేదు, మగవాళ్ళ బూట్లు. యుద్ధం తర్వాత హడావిడిగా లేపిన కట్టడాలు, అంటే మిల్లులు, గోదాములు, నీళ్ళ టాంకులు, పనివాళ్ళ బ్లాకులు, ఎవరూ అందమని అనుకోనివి, పడగొట్టేలోపల ఫోటో తీసి దాచడం ఆమె పని. ఊరూరా అదే పని. మిల్లు ఆఫీసులో పర్మిటు తీసుకుని వచ్చింది. గేట్లో మొదట ఎదురైంది ఎవరు? ఫిట్టరే. ఇంక చూసుకోండి. బాయిలరు గది చూపించాడు, పంపు చూపించాడు, రంపం పళ్ళలాంటి షెడ్డు కప్పు చూపించాడు, నీళ్ళ టాంకు నిచ్చెనెక్కి నిలబడ్డాడు. మేస్త్రీ పెళ్ళాం ఆవిడ సంచీ మోసుకుంటూ వెంట తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చి, “మా బావ ఎంత బాగా చెప్పాడయ్యా! ఆవిడ నోరు తెరుచుకుని విన్నదనుకో,” అంది.

మేస్త్రీ అన్నం కలుపుకుంటూ, “ఊఁ,” అన్నాడు. ఆ ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

ఆవిడ కెమెరా చెక్కది. బియ్యం డబ్బా అంత ఉంటుంది, మూడు కాళ్ళ మీద నిలబెడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని లోపలికి దూరుతుంది. ఎండ ఉంటే తీయదు. మబ్బు పట్టాలి, నీడలు పోవాలి. అప్పుడు మూత తీసి, పది లెక్కపెట్టి, మూత పెడుతుంది. ముందర ఎవరైనా ఉంటే దణ్ణం పెట్టి తప్పుకోమంటుంది.

“మనుషులుంటే ఏమమ్మా?” అని మామ్మ అడిగింది ఒకరోజు.

“మనిషుంటే చూపంతా మనిషి మీదకే పోతుంది. గోడని ఎవరు చూస్తారు?”

ఆ మాట మేస్త్రీ విన్నాడు. గోడని చూడాలని చెప్పిన మనిషి అతని ఆయుష్షులో ఈవిడొక్కతే. విన్నాడు గానీ దగ్గరికి పోలేదు. ఎందుకంటే ఆవిడ అప్పుడు చూస్తున్నది నాలుగో బ్లాకు గోడని. అక్కడ కెమెరా కాళ్ళ కింద పసుపు పెయింటుతో మూడు చుక్కలు పెట్టుకుంది. ఏడాదికోసారి వచ్చి సరిగ్గా అదే చోటు నుంచి తియ్యడానికట. ఫిట్టరు ఆ చుక్కలకి కాపలా కాసేవాడు. “ఏయ్, తొక్కకండి! కెమెరా కాళ్ళవి!” మేస్త్రీ అటు పోతే మరీ గట్టిగా అనేవాడు. “చూసి నడువు తమ్ముడూ! చుక్కలున్నాయి!”

వారం రోజులు మేస్త్రీకి ఆ చుక్కలు కంట్లో ఇసకలా గరగరలాడాయి.

సెలవు రోజు పొద్దున్నే తాపీ, గోడ నిటారు చూసే తూకం గుండు, గుప్పెడు సిమెంటు తీసుకుని ఏడో బ్లాకు ముందు ఖాళీలోకి వచ్చాడు. ముందుకి నడిచాడు, వెనక్కి నడిచాడు. ఒక కన్ను మూశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోడ రెండు అంచులూ సమంగా, వంకర లేకుండా, నిటారుగా కళ్ళముందు నిలబడే చోటు ఒకటుంటుంది. అది దొరికాక అక్కడ నేలలో మూడు సిమెంటు బుడిపెలు వేశాడు. ఒక్కోదాని నెత్తిన బొటనవేలితో గుంట చేశాడు, కెమెరా కాలు జారకుండా. ఎవరికీ ఏం చెప్పలేదు.

మర్నాడు ఫోటోలావిడ అటు వస్తూ బుడిపెలు చూసి ఆగింది. నవ్వింది. సరదాకి కెమెరా కాళ్ళు గుంటల్లో పెట్టి, గుడ్డ కప్పుకుని లోపలికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ముఖంలో నవ్వు లేదు.

“ఎవరు వేశారివి?”

వరండాలోంచి మేస్త్రీ పెళ్ళాం అరిచింది. “ఇంకెవరు, మా ఆయనే! నోట్లో మాట లేదు గానీ చేతిలో ఉందమ్మా!”

ఆవిడ మేస్త్రీని పిలిచి గుడ్డ కిందికి దూరమంది. లోపల చీకట్లో అరచేతంత అద్దం మీద ఏడో బ్లాకు మెరుస్తోంది. ఆకాశం కింద, నేల పైన.

“తలకిందులుగా ఉందేమ్మా?”

“అద్దంలో అట్లాగే పడుతుంది.”

మేస్త్రీ ఇంకాసేపు చూశాడు. “తలకిందులైనా తూకం తప్పలేదు,” అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ నాలుగో బ్లాకు ఫోటోలో ఒక మూల ఎవరిదో తువ్వాలు పడిందని పెళ్ళాం చెప్పింది. మేస్త్రీ పట్టుకున్నాడు ఆ సంగతి. తన బ్లాకు ఫోటోలో దారప్పోగు కూడా పడకూడదు. మబ్బు పట్టిన రోజు తలుపు తలుపుకీ తిరిగాడు. అతను నోరు తెరవడమే జనానికి వింత.

“బట్టల తీగలు విప్పండి. పిల్లల్ని లోపల పెట్టండి. చెప్పులు, చీపుర్లు, బిందెలు, అన్నీ లోపలికి. తలుపులు మూయండి.”

“ఏంటి మేస్త్రీ, పెళ్ళివారొస్తున్నారా?”

“నాలుగో బ్లాకు కంటే బాగా పడాలి.”

ఆ ఒక్కమాటకి బ్లాకంతా కదిలింది. నాలుగో బ్లాకు మీద వాళ్ళకీ ఉంది కడుపుమంట. వాళ్ళకే ముందు కుళాయి వచ్చింది, వాళ్ళకే ముందు కరెంటు వచ్చింది. చకచకా అన్నీ లోపలికి పోయాయి. ఆవిడ మూత తీసింది. అంతా అయిందనుకునేసరికి మామ్మ, కుళాయి దగ్గరికి పోయి ఉంటే ఆమెకు ఎవరూ చెప్పలేదు, బిందె చంకనెట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకి తాపీగా నడిచి పోయింది. మేస్త్రీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

“ఫరవాలేదు,” అంది ఆవిడ మూత పెడుతూ. “నడిచే మనిషి ఇందులో పడదు. ఆగి నిలబడితేనే పడుతుంది.”

నిజంగానే పడలేదు. ఆవిడ తెచ్చి ఇచ్చిన ఫోటోలో గోడ ఉంది, ఇటుక ఇటుకా లెక్కపెట్టొచ్చు, నల్ల నలుసులతో సహా. అద్దం కట్టించి తగిలించిన రోజు ఫిట్టరు చూడ్డానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని చూసి చూసి, “గోడ సరే తమ్ముడూ, బోసిగా ఉంది,” అన్నాడు. ఫిట్టరు ముఖం మాడిపోయింది. మేస్త్రీ ఆ మాడిన ముఖాన్ని మూడు నెలలు చక్కెరలా చప్పరించాడు.

ఇప్పుడు అదే ఫోటో నలభై తలుపుల మీద ఉంది.

ఆ సాయంత్రం పంపు షెడ్డు ముందు మీటింగు. ఎనిమిది బ్లాకుల వాళ్ళూ వచ్చారు. కానీ వచ్చిన తీరులోనే తేడా ఉంది. ఏడో బ్లాకు వాళ్ళు ముందుకొచ్చి నిలబడ్డారు, మిగతావాళ్ళు గోడలకి ఆనుకుని చేతులు కట్టుకున్నారు.

ఫిట్టరు ఇనప డబ్బా ఎక్కాడు. “సగం మిల్లు మూసేశారు. ఆ సగం స్థలం కాంట్రాక్టరుకి పోయింది. ఇప్పుడు వాడి కన్ను మన ఇళ్ళ మీద పడింది. చట్టం ఏమంటోంది? మనుషులున్న ఇల్లు పడగొట్టాలంటే ముందు వేరే ఇల్లు చూపించాలి. ఎవరూ లేని ఇల్లయితే ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు. అందుకని మనం లేమంటున్నారు.”

“మనం కాదు, వాళ్ళు,” అన్నాడు రెండో బ్లాకు డ్రైవరొకడు. “నోటీసు ఏడో బ్లాకుకేగా.”

“నీ తలుపు మీదికి వచ్చేదాకా ఆగుతావా?”

“వస్తే చూద్దాం. ఎప్పుడూ ముందు వాళ్ళకే అన్నీ రావాలనేవాళ్ళుగా, వచ్చింది!”

నవ్వులు. ఏడో బ్లాకులోంచి తిట్లు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. అప్పుడే గేటు వైపు నుంచి ఫోటోలావిడ వచ్చింది, మేస్త్రీ పెళ్ళాం కబురు పెడితే. జనం ఆవిడ మీదికి తిరిగారు.

“ఇదిగో వచ్చింది! ఎంతకి అమ్మావమ్మా మా ఇళ్ళని?”

“అన్నం పెట్టాం నీకు! నీ సంచీ మోశాం!”

ఆవిడ ముఖం తెల్లబోయింది. “నేను అమ్మలేదు. పర్మిటు ఇచ్చేటప్పుడు ప్రతి ఫోటోకీ ఒక కాపీ, మిల్లు ఇళ్ళూ స్థలాలూ చూసే ఎస్టేటు ఆఫీసులో ఇవ్వాలని షరతు పెట్టారు. రికార్డు కోసమన్నారు. ఇచ్చాను. ఇట్లా వాడతారని…”

“మరి మనుషుల్ని ఎందుకు తియ్యలేదు? మేం కనబడలేదా నీ కళ్ళకి?” పెద్దక్క అడిగింది, ఫిట్టరు పెళ్ళాం. మిల్లులో దారాల ఖాతాలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి, గొంతు మెషీన్ల మీదుగా వినబడేంత ఉంటుంది. “గోడలు పోతాయని భయపడ్డావు. గోడల్లో ఉన్నవాళ్ళు పోతారని తోచలేదా?”

ఆవిడ భుజం మీంచి సంచీ దించి కింద పెట్టింది.

మేస్త్రీ లేచాడు. పక్కనున్నవాళ్ళు నీళ్ళకి పోతున్నాడనుకుని దారిచ్చారు. అతను డబ్బా దగ్గరికి పోయాడు. ఎక్కలేదు, ఫిట్టరు ఎక్కిన డబ్బా అది. పక్కన నిలబడ్డాడు.

“ఆవిణ్ణి అనకండి,” అన్నాడు. “అందర్నీ లోపల పెట్టింది నేను. తలుపులు మూయించింది నేను. ఫిట్టరన్నయ్య మీద ఈర్ష్యతో చేశాను. వాళ్ళ బ్లాకు కంటే మా బ్లాకు బాగుండాలని.” డబ్బా అంచు పట్టుకున్నాడు. “ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉంది ఆ ఈర్ష్య. దాంతోనే కొంప ముంచాను.”

ఫిట్టరు డబ్బా మీదే నిలబడి బుర్ర గోక్కున్నాడు.

“నీ ఫోటో చూసొచ్చిన మర్నాడు,” అన్నాడు మెల్లగా, “మాది మళ్ళీ తీయించాను. తువ్వాలు కాదు, మెట్ల మీద పిల్లి ఉంటే దాన్ని కూడా తరిమాను.”

“మాదీ,” అన్నారు ఒకటో బ్లాకు నుంచి ఎవరో.

“మేమైతే కిటికీ పరదాలు కూడా తీసేశాం,” అన్నాడు రెండో బ్లాకు డ్రైవరు. ఆ మాట అనేశాక అతని నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఫిట్టరు ఫోటోలావిణ్ణి అడిగాడు. “ఎస్టేటు ఆఫీసులో ఎన్ని కాపీలున్నాయమ్మా, బ్లాకులవి?”

“ఎనిమిది.”

గోడలకి ఆనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే గోడలు వదిలి ముందుకొచ్చారు. ఎవరూ రమ్మనలేదు. ఎనిమిది బ్లాకులూ ఒకదాని మీద ఒకటి కుళ్ళుకుని, తమని తామే ఊడ్చి పారేసుకున్నాయి. ఎస్టేటు ఆఫీసరు చెయ్యి కదపకుండా ఆ ఎనిమిది ఫోటోలూ సొరుగులో పెట్టుకున్నాడు.

“అయితే మళ్ళీ తియ్యి,” అంది మామ్మ.

“నా పర్మిటు రద్దు చేశారు మామ్మా. నిన్ననే.”

“మా ఇంటి ముందు నిలబడ్డానికి వాడి పర్మిటెందుకే పిల్లా? నేనిస్తా పర్మిటు. ఈసారి నన్ను నడవనివ్వకు. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతా.”

అదే తీర్మానమైంది. యూనియన్ పుస్తకంలో పెద్దక్క రాసింది. ఇరవై ఒకటో రోజున ఎనిమిది బ్లాకుల వాళ్ళూ ఏడో బ్లాకు ముందు నిలబడాలి. కదలకూడదు.

ఇరవై ఒకటో రోజు మబ్బు పట్టింది. పొద్దున్నే మేస్త్రీ బుడిపెల మీద దుమ్ము ఊదాడు, గుంటల్లో తడి గుడ్డ పెట్టి తుడిచాడు. ఏడో బ్లాకు వరండాల్లో తీగలన్నీ కట్టారు. ఉతికినవి, ఉతకనివి, చీరలు, లుంగీలు, పిల్లల గుడ్డలు, పెట్టెల అడుగున దాచుకున్న దుప్పట్లు కూడా ఆరేశారు. నలభై తలుపులూ బార్లా తెరిచారు. వరండాల్లో పట్టినంతమంది వరండాల్లో, మిగతావాళ్ళు గోడ ముందు నేల మీద వరసలుగా నిలబడ్డారు. మిల్లు నుంచి పొద్దుటి షిఫ్టు వాళ్ళు నూనె చేతులతోనే వచ్చారు.

ఫిట్టరు సరిగ్గా నడిమధ్యన, మేస్త్రీ పక్కనే వచ్చి నిలబడ్డాడు.

‘నా బ్లాకు ముందు కూడా మధ్యలోనే కావాలి వీడికి,’ అనుకున్నాడు మేస్త్రీ. ఈర్ష్య ఎక్కడికి పోతుంది? కానీ భుజం జరిపి చోటిచ్చాడు.

ఇళ్ళు పడగొట్టే పెద్ద తొట్టి యంత్రం గడగడలాడుతూ గేట్లోంచి వచ్చింది. వెనక రెండు పోలీసు వాన్లు. జీపులోంచి ఎస్టేటు ఆఫీసరు ఫైలుతో దిగాడు. జనాన్ని చూశాడు, ఫైల్లో ఫోటో చూశాడు, మళ్ళీ జనాన్ని చూశాడు.

“ఎవరు మీరంతా?”

“ఎవరూ కాదండీ,” అంది మామ్మ ముందు వరసలోంచి. “మీ కాగితంలోనే రాశారుగా!”

జనం గొల్లున నవ్వారు. ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. “నవ్వులాటగా ఉందా? రెండు నిమిషాలు టైమిస్తున్నా. కదలండి!”

ఫోటోలావిడ అప్పటికే కెమెరా కాళ్ళు బుడిపెల మీద పెట్టేసింది. గుడ్డలోంచి తల బయటికి తీసి అరిచింది. “కదలకండి! మూత తీస్తున్నా! ఒకటి!”

“కదలండి!”

“కదలకండి! రెండు!”

కానిస్టేబుళ్ళు లాఠీలు పట్టుకుని వరసల్లోకి దూరారు. మూడు. ఎవరి చెయ్యో లాగారు, చెయ్యి వచ్చింది గానీ మనిషి రాలేదు. నాలుగు. పైన వరండాలో చంటిపిల్ల ఏడుపు, తల్లి ఊపకుండా నిలబడే ఉంది. అయిదు. ఆరు దగ్గర లాఠీ ఫిట్టరు భుజం మీద పడింది. ఎముక చప్పుడు మేస్త్రీకి వినబడింది. ఫిట్టరు పళ్ళు బిగించాడు. గోడలా ఉన్నాడు. మేస్త్రీ అతని వైపు చూడలేదు, చూస్తే తల తిరుగుతుందని. కానీ గుండెలో ఒక్కమాట మెదిలింది. దెబ్బ కూడా ముందు వీడికే! ఏడు. ఎనిమిది దగ్గర ఒకడు మేస్త్రీ కాలరు పట్టుకున్నాడు. మేస్త్రీ కాలివేళ్ళు నేలకి గుచ్చి పట్టాడు, నిచ్చెన మీద పట్టినట్టు. తొమ్మిది. చొక్కా చిరిగింది.

“పది!”

మూత పడింది. అప్పుడు మేస్త్రీ ఊపిరి వదిలాడు. ఆ ఊపిరితో పాటే అతన్ని ఈడ్చుకుపోయారు.

“వీడే, బుడిపెలు వేసిందీ తలుపులు తీయించిందీ వీడే,” అని ఎస్టేటు ఆఫీసరు చెబుతున్నాడు. మేస్త్రీని వాన్లోకి తోశారు.

ఫిట్టరు విరిగిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని వాను దగ్గరికి పరిగెత్తాడు. “ఏయ్! వాణ్ణొక్కణ్ణే ఎక్కిస్తారేం? యూనియన్ నాది! మీటింగు పెట్టింది నేను! వాడు నోరు కూడా విప్పలేదయ్యా, అడగండి కావాలంటే!”

“నువ్వెందుకయ్యా అడ్డం పడతావు?” అన్నాడు కానిస్టేబుల్.

“వాడు ముందెట్లా పోతాడు? తోడల్లుళ్ళలో పెద్దవాణ్ణి నేను!” అని ఫిట్టరు తనే వానెక్కేశాడు.

“నాలుగో బ్లాకాయన్ని ఎక్కించుకుని మా రెండో బ్లాకుని వదిలేస్తారా?” అని డ్రైవరు ఎక్కాడు.

“ఒకటో బ్లాకు వాళ్ళం మనుషులం కాదా?”

ఇంక ఆపడం ఎవరి తరమూ కాలేదు. బ్లాకుల వారీగా తోసుకుంటూ వచ్చారు. మాకంటే మాకని. ఇన్‌స్పెక్టరు దిగండి, ఉన్నచోటే ఉండండి అని అరుస్తున్నాడు. ఇందాకటి దాకా కదలమన్నవాడు ఇప్పుడు కదలొద్దంటున్నాడు. మామ్మ వాను మెట్టు మీద కాలు పెట్టి, “చెయ్యందించరా, మోకాలు పట్టేసింది,” అని కానిస్టేబుల్నే అడిగింది. పెద్దక్క, మేస్త్రీ పెళ్ళాం చేతులు పట్టుకుని యంత్రం ముందు నిలబడ్డారు. వాళ్ళ పక్కన ఇంకో పదిమంది, వాళ్ళ వెనక వందమంది.

యంత్రం నడిపేవాడు చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజను ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు.

“ఏం చేస్తున్నావురా?” అన్నాడు ఎస్టేటు ఆఫీసరు.

“ఎవరూ లేని ఇల్లు పడగొట్టమని పంపారు సార్. ఎవరో ఉన్నట్టుంది.” అని, ఆరేసిన గుడ్డల నీడలో పోయి కూర్చున్నాడు.

ఆ రోజు ఏడో బ్లాకు పడలేదు. పదకొండుమందిని తీసుకుపోయారు, మిగతావాళ్ళని బలవంతాన దింపేశారు. దిగినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి బాధపడతారు.

నాలుగో రోజు మేస్త్రీ పెళ్ళాం స్టేషనుకి వచ్చింది. కటకటాల అవతల మేస్త్రీ, ఫిట్టరు ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఫిట్టరు భుజానికి కట్టుంది. ఆమె చీర కొంగులోంచి ఫోటో తీసి కటకటాల సందులోంచి ఇచ్చింది.

“ఆవిడ వంద కాపీలు తీసింది. మన తలుపుల మీద నోటీసు ఉన్నచోట అంటించాం. ఎస్టేటు ఆఫీసు తలుపు మీద కూడా అంటించాం, మామ్మే బంక పూసింది. గోదాముల కాలనీ వాళ్ళకీ నిన్న నోటీసులొచ్చాయట. నిన్నటి నుంచీ ఒకటే అడగడం. మేస్త్రీ ఎప్పుడొస్తాడు, మా బ్లాకుల ముందు కూడా బుడిపెలు వెయ్యాలి, మీకే ఉండాలా, అని.”

ఫిట్టరు ఫోటో లాక్కున్నాడు. తనని తాను వెతుక్కున్నాడు. దొరికాడు, నడిమధ్యన. పక్కన మేస్త్రీ. ముందు వరసలో మామ్మ. వందల ముఖాలు, ఒక్కొక్కటీ ఇటుకలా స్పష్టంగా.

“పోలీసులేరి?” అన్నాడు ఫిట్టరు. “నన్ను కొట్టినవాడు ఇక్కడే ఉండాలే.”

మేస్త్రీ వంగి చూశాడు. ఫిట్టరు భుజం దగ్గర పొగలాంటి మరక ఒకటుంది. అంతే. లాఠీలు, టోపీలు, ఏవీ పడలేదు.

“కదిలారు,” అన్నాడు మేస్త్రీ. “కదిలినవాళ్ళు పడరు.”

పెళ్ళాం కటకటాలు పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. “నీ గోడ మాత్రం కనబడటం లేదయ్యా. ఎంత వెతికినా రెండు ఇటుకలు కూడా లేవు. అంతా మనుషులే అడ్డం.”

మేస్త్రీ ఫోటోని తూకం చూసినట్టు కళ్ళకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“అడ్డమే ఉండమను,” అన్నాడు.